హార్మోనియం వెనక పగ

నా చిన్నప్పుడు ఒక మనిషిని పాటతో చంపాలని తీర్మానించుకున్నాను. చంపడమంటే మరీ ఎక్కువైంది లెండి. నిండిన చర్చిలో అందరి ఎదుటా ఆయన పరువు పోవాలనీ, తెల్ల లాల్చీ చెమటతో తడిసి పక్క గుమ్మంలోంచి జారుకోవాలనీ కోరుకున్నాను, అంతే. ఆ ఏడాది బెజవాడలో ఎండలు ఎలా ఉన్నాయంటే, కృష్ణలో చేపలు ఒడ్డుకొచ్చి మెట్ల నీడన కూర్చునేవి. ఇదీ అబద్ధమే. ఎండలు మామూలు బెజవాడ ఎండలే. వయసు మీద పడ్డాక ఏ సంగతైనా కొంచెం పెంచి చెప్పడం, ఆనక నాలుక కరుచుకుని దించడం నాకు అలవాటైపోయింది. ఆనాటి నా కోపాన్ని మాత్రం దించి చెప్పలేను. అది ఎంతుందో అంతే చెబుతాను.

గవర్నర్‌పేట వెనక సందుల్లో మాదొక పెంకుటిల్లు. మా నాన్న ఒక బట్టల కొట్లో గుమాస్తా. మా తాతయ్య మాత్రం నేత వదల్లేదు. పెరట్లో రేకుల పాక కింద గుంటమగ్గం వేసుకుని, పొద్దున కూర్చుంటే పొద్దుగుంకేదాకా నేసేవాడు. ఆ చప్పుడులోనే నేను పుట్టాను, ఆ చప్పుడులోనే నడక నేర్చాను. గోడకు అవతల ఇల్లు టీచరమ్మగారిది. నేను చదివిన మిషన్ బడిలో ఆవిడ లెక్కలూ, పాటలూ చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం ఆవిడే వాయించేవారు. ఆవిడకు ముందు ఆ పీట మీద ఆవిడ నాన్నగారు కూర్చునేవారట. మాది గుడికి పోయే ఇల్లే అయినా, బడిలో గొంతు బాగున్న పిల్లలు ఎవరైనా సరే గుడ్‌ఫ్రైడే పాటకు చర్చికి వెళ్ళేవాళ్ళం. మా అమ్మ అడ్డు చెప్పలేదు. టీచరమ్మగారి వెంట ఉంటే పిల్లాడు చెడిపోడు, పైగా ఆ మధ్యాహ్నం ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుంది అనేది.

గుడ్‌ఫ్రైడేకి మా చర్చిలో తప్పనిసరిగా పాడే పాట ఒకటుండేది. ఎక్కడో యూరప్‌లో, మగవాళ్ళు కూడా తలకు పెట్టుడు జుట్టు తగిలించుకుని తిరిగిన కాలంలో, చర్చిలో పాడటానికే ఎవరో మహానుభావుడు కట్టిన పాట. వయసు మూడు వందల ఏళ్ళు ఉంటుందనేవారు. దాన్ని ఇక్కడికి మోసుకొచ్చింది ఒక దొరసాని. దానికి తెలుగు మాటలు కూర్చింది టీచరమ్మగారి నాన్నగారు. ఒక్కో మాట కోసం ఆయన కాలవగట్టు వెంట నడుస్తూ రోజులు గడిపేవారని చెప్పుకునేవాళ్ళు.

ఏ పాట చేతికిచ్చినా ముందు దాన్ని మూడు సంగతులు అడగాలని టీచరమ్మగారు మాకు నేర్పారు. ఎంత వేగం, ఏ శ్రుతి, ఏ మనసు. ఈ పాట వేగం బాగా నెమ్మది. శవపెట్టె మోస్తున్నవాళ్ళు మెట్లు దిగేటప్పుడు ఎలా నడుస్తారో అంత నెమ్మది. శ్రుతి మైనరు, అదీ కాస్త కింద. మైనరు అంటే ఏమిటని అడిగితే ఆవిడ మాటలతో చెప్పలేదు. హార్మోనియం మీద వరసగా స్వరాలు పలికించి, మూడోదాన్ని ఒక్క మెట్టు కిందికి దించి మళ్ళీ పలికించారు. గదిలో ఎవరో లాంతరు వత్తి తగ్గించినట్టయింది. ఇక మనసు సంగతి అడిగితే, ప్రస్తుతానికి దిగులు అనుకోండి, పెద్దయ్యాక మీకే తెలుస్తుంది అన్నారు.

ఆ పాట మధ్యలో ఒక్క పిల్లగొంతు మాత్రమే పాడే భాగం ఉంది. రెండేళ్ళపాటు అది నాది. నేను పాడుతుంటే ఏటి అవతల తాడేపల్లిలో గేదెలు పాలు చేపేవి. సరే, గేదెల సంగతి వదిలేయండి. టీచరమ్మగారు ఒకసారి ‘ఫర్వాలేదు’ అన్నారు. ఆవిడ నోట అంతకంటే పెద్ద బిరుదు ఎవరూ పుచ్చుకోలేదు.

అప్పుడొచ్చారు మద్రాసు మాస్టారు. అక్కడ సంగీతం చదువుకుని, బెజవాడలో ఏదో ఉద్యోగం మీద దిగారు. మంచి వయసు, నున్నగా దువ్విన జుట్టు, మోచేతి దాకా మడిచిన లాల్చీ చేతులు. మా చర్చి అయ్యగారికి, అంటే పాస్టరుగారికి, ఆయన మొదటి వారంలోనే నచ్చేశారు. మాస్టారు గొప్ప వాయిద్యగాడు కాదని నేను చెబితే నా కళ్ళు పోతాయి. రెండు చేతులతో వాయించేవారు. హార్మోనియం వెనక నిలబడి తిత్తితో గాలి కొట్టడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకునేవారు. ఆయన వేళ్ళు దాని మెట్ల మీద పరిగెడుతుంటే మేం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం.

ఆయనకు మా పాట నచ్చలేదు. జనం నిద్రపోతున్నారన్నారు. వేగం ఇంచుమించు రెట్టింపు చేశారు. గొంతులు మెరవాలని శ్రుతి ఒక స్వరం పైకి జరిపారు. ఆ వేగంలో టీచరమ్మగారి నాన్నగారి మాటలు లారీలోంచి కంకర బోర్లించినట్టు వినపడేవి, ఏ మాట ఏదో తెలిసేది కాదు. అయ్యగారు మధ్యేమార్గంగా ఒక తీర్పు చెప్పారు. ఈ గుడ్‌ఫ్రైడేకి మాస్టారి పద్ధతిలో పాడిద్దాం, సంఘానికి నచ్చితే ఇకమీదట అన్నీ ఆయన పద్ధతే, పాత తీరు ఇంతటితో సరి. టీచరమ్మగారు ‘అలాగేనండీ’ అని తన కళ్ళజోడు పెట్టె తీసుకుని, ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలోకి వెళ్ళి కూర్చున్నారు. పీట పోయినందుకు ఆవిడ బాధపడ్డారో లేదో నాకు తెలియదు. నాన్నగారి మాటలు ఆ ఒక్క మధ్యాహ్నంతో ఎవరికీ వినపడకుండా పోతాయన్నది మాత్రం ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

నా వంతు మరుసటి ప్రాక్టీసులో వచ్చింది. ఆయన కొత్త వేగంలో నేను పాడలేకపోయాను. ఆయన ఒక చోట ఉంటే నేను ఇంకో చోట ఉన్నాను. రెండుసార్లు ఆపారు. మూడోసారి మెట్ల మీద నుంచి చేతులు తీసేసి, నన్ను కాకుండా మిగతా పిల్లల్ని చూస్తూ అన్నారు.

“గొంతుంది. కాలం తెలీదు. మగ్గం పక్కన పెరిగినవాడికి మగ్గం కాలమే వస్తుంది, ఏం చేస్తాం.”

అందరూ నవ్వారు. నాతో గోళీలాడేవాళ్ళు కూడా నవ్వారు. నా భాగం ఇంకో కుర్రాడికిచ్చి, ఊరికే ఇంటికి పంపితే బాగుండదనుకున్నారేమో, నన్ను హార్మోనియం వెనక గాలి కొట్టడానికి నిలబెట్టారు. అదైతే కాలం, అంటే పాట నడక, తెలియకపోయినా ఫర్వాలేదట. ఆ రోజు నుంచి నా ఎదురుగా ఎప్పుడూ ఆయన ముఖమే. ఆయన వాయిస్తారు, నేను తిత్తి తెరిచి మూస్తాను. ఆయన కనుబొమలు, ఆయన బొటనవేలి ఉంగరం, పాట అయ్యాక ఆయన రుమాలు మడత పెట్టుకునే తీరు, ప్రతిదాన్నీ నేను విడివిడిగా ద్వేషించాను. పిల్లల కోపం చిన్నదనుకుంటారు పెద్దవాళ్ళు. పిల్లవాడికి ఇంకో పనేమీ ఉండదు, ఇరవైనాలుగ్గంటలూ దాన్నే సాన పట్టుకుంటాడు.

సాన పట్టి సాన పట్టి చివరికి బ్లేడు దాకా వచ్చాను. తాతయ్య మగ్గం దగ్గర పోగులు కోసుకునే బ్లేడు ఉండేది. ఒకరోజు ప్రాక్టీసు అయ్యి అందరూ వెళ్ళాక, దాన్ని జేబులోంచి తీసి హార్మోనియం వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. తిత్తి మడతల్లో లోపలివైపు సన్నగా కోసేస్తే, శుక్రవారం నాడు నిండు సభలో హార్మోనియం ఈల వేసి చచ్చిపోతుందని నా లెక్క. అంతలో చెప్పుల చప్పుడు వినపడింది. టీచరమ్మగారు బెంచీలో గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చారు.

“ఏంట్రా చేతిలో?”

దాచడానికేం లేదు. చెప్పేశాను.

“కోస్తే?”

“పాట ఆగిపోద్ది. ఆయన పరువు పోద్ది.”

“పోదు. పాపం హార్మోనియం చెడిపోయిందని జనం ఆయన మీద జాలి పడతారు. పాట మాత్రం నిజంగానే ఆగిపోద్ది. అది మా నాన్నది, ఆయనది కాదు.” ఆవిడ చెయ్యి చాపారు. బ్లేడు ఇచ్చేశాను.

ఇక పగ తప్పు, శత్రువును ప్రేమించాలి అని మొదలుపెడతారని తల వంచుకుని సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ గొడుగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఆ తర్వాత నేను జన్మలో ఊహించని మాట అన్నారు.

“నాకూ ఉందిరా కోపం. నీకంటే పెద్దది. కాకపోతే నీది పరిగెత్తే కోపం. పరిగెత్తేదానికి ఊపిరుండదు, నాలుగడుగుల్లో కూలబడుద్ది.”

“దేవుడు క్షమించమన్నాడు కదా టీచరుగారూ?”

“క్షమించడం ఆదివారం పెట్టుకుందాం. ముందు శుక్రవారం సంగతి చూడు.”

ఆపైన ఆవిడ లేచి హార్మోనియం ముందు కూర్చుని, నన్ను గాలి కొట్టమన్నారు. నేను గబగబా కొడితే ఆవిడ వేళ్ళు ఎంత వేగంగా పరిగెత్తినా ప్రతి స్వరమూ పలికింది. నెమ్మదిగా, తక్కువగా కొట్టమన్నారు. అదే వేగంలో వాయిస్తే ఈసారి స్వరాలు సగం సగం నోరు తెరిచి మూసుకున్నాయి, అడుగున మంద్రంలోవైతే అసలు లేవనే లేదు. అప్పుడు ఆవిడ వేళ్ళ నడక తగ్గించారు. ఒక్కో స్వరం మీద ఆగి, అది లేచేదాకా ఉండి, తర్వాతిదానికి వెళ్ళారు. పాట నిండుగా, నల్లగా, ఏట్లో నీళ్ళలా కదిలింది. వాయించేవాడు ఎంత పెద్ద విద్వాంసుడైనా గాలి దాటి పోలేడన్నమాట. మద్రాసు మాస్టారు నన్ను శిక్ష కింద నిలబెట్టిన చోటే ఆయన గొంతు మీద నా చెయ్యి ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. అది తెలిసిన ఆనందంలో నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ మర్నాటి నుంచి బడి వదలగానే మా పాకలో రహస్య కచేరీ. టీచరమ్మగారు తన ఇంట్లోని నాన్నగారి పాత హార్మోనియాన్ని మగ్గం పక్కకు మోయించారు. సంగతి ఏమిటని తాతయ్య అడిగితే ఆవిడ దాచకుండా చెప్పారు. తాతయ్య పోగు మోసే నాడె ఆపి ఆలకించాడు.

“మగ్గం కాలమేగా అన్నాడు? అంటే అన్నాడు. తొందరపడితే పోగు తెగుద్దని ఆయనకెవరూ చెప్పలేదేమో. మనం చెబుదాం,” అన్నాడు. అని, మళ్ళీ నేత మొదలుపెట్టాడు.

తాతయ్య మగ్గం ఒకసారి కొడితే నేను తిత్తి తెరవాలి, మళ్ళీ కొడితే మూయాలి. టీచరమ్మగారికి ఆ వేగం కూడా ఎక్కువే అనిపించి, ఇంకొంచెం నెమ్మది, ఇంకొంచెం నెమ్మది అని తాతయ్యను వెనక్కి లాగుతుండేవారు. చివరికి తాతయ్య, “టీచరమ్మగారూ, ఇంతకంటే తగ్గితే ఈ చీర షావుకారుకి కాదండీ, మా మనవడి పెళ్ళికి అందుద్ది,” అన్నాడు. ఆవిడ నవ్వడం నేను చూసింది ఆ వేసవిలో అదొక్కసారే.

కష్టమంతా చేతిది కాదు. వెనక నిలబడగానే మాస్టారి ముఖం గుర్తొచ్చేది, గుర్తు రాగానే చెయ్యి పరుగు అందుకునేది. టీచరమ్మగారు వెంటనే ఆపేవారు. వాడు గుర్తొచ్చాడా అని అడిగేవారు. వచ్చాడనేవాణ్ణి. మరిచిపొమ్మని ఒక్కసారి కూడా అనలేదు. రానియ్యి, బాగా చూడు, చెయ్యి మాత్రం మగ్గాన్ని వదలకూడదు అనేవారు. అలా కొన్నాళ్ళకు నా కోపం పరిగెత్తడం మానేసి, మగ్గం పక్కన గొంతుక్కూర్చుంది. తగ్గలేదు. కూర్చుంది, అంతే. చర్చిలో ప్రాక్టీసుల్లో మాత్రం ఆయన కోరినంత గాలీ కొట్టి, బుద్ధిమంతుణ్ణని పేరు తెచ్చుకున్నాను. అదీ ఆవిడ సలహాయే.

శుక్రవారం వచ్చింది. మిట్టమధ్యాహ్నం. తెల్లబట్టల్లో జనం బెంచీలు నిండి, గోడల వెంట చాపల మీద కూర్చుని, గుమ్మాల్లో నిలబడ్డారు. విసనకర్రలు ఊగుతున్నాయి. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద వరసగా ప్రసంగాలు. మొదటిది క్షమాపణ గురించి. అయ్యగారు కళ్ళు మూసుకుని, మనకు అపకారం చేసినవాళ్ళను తలుచుకోండి అన్నారు. నేను తలుచుకున్నాను. మూడో బెంచీ వైపు చూస్తే టీచరమ్మగారు కూడా బాగానే తలుచుకుంటున్నట్టు కనపడ్డారు.

చివరి మాట అయ్యాక పాట. మాస్టారు లాల్చీ చేతులు పైకి మడిచి, తల ఎగరేసి మొదలుపెట్టారు. గుర్రంలా దూకింది ఆయన చెయ్యి. నేను మగ్గం కాలంలో తిత్తి తెరిచాను. నాలుగు స్వరాలు నొక్కితే రెండు పలికాయి. ఆయన నా వైపు చూశారు. నేను ఏసుప్రభువు పటంలో గొర్రెపిల్లలా చూశాను. పళ్ళ బిగువున “గాలి” అన్నారు. గాలి ఇచ్చాను, మగ్గం ఇచ్చినంతే. బల్ల కింద నుంచి నా కాలి ఎముక మీద చెప్పుతో ఒక్క తన్ను తన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మారలేదు. అంతమంది ముందు లేచి గాలి కొట్టే పిల్లాణ్ణి లాగి అవతల పారేయలేరు కదా. ఆయన వేళ్ళు తడబడ్డాయి, ఆగాయి, స్వరం లేచేదాకా నిలబడటం మొదలుపెట్టాయి. పిల్లలూ ఆయన్ని చూసి తగ్గారు. అప్పుడు, ఆ ఏడాదికి మొదటిసారి, మాటలు వినపడ్డాయి. గోడవార చాపల మీది ముసలమ్మలు తలలెత్తారు. వాళ్ళకవి తెలిసిన మాటలు. పెదవులు కదిలాయి.

నా చోట నిలబడ్డ కుర్రాడి వంతు వచ్చింది. శ్రుతి పైకి జరిపినందువల్ల వాడి గొంతు చివరి మెట్టు దగ్గర దారంలా సాగింది. సరిగ్గా అక్కడ, వాడు అందుకోబోయే స్వరం ముందు, నాలో ఒక మహావిద్వాంసుడు మేల్కొన్నాడు. ఇక్కడ శబ్దం ఉండకూడదు, చావు తర్వాత వచ్చేది నిశ్శబ్దమే కదా అని ఆ వయసులోనే నాకు స్ఫురించింది. చెయ్యి తీసేశాను. హార్మోనియం ఆగిపోయింది. కుర్రాడు ఆగిపోయాడు. విసనకర్రలు ఆగాయి. కృష్ణ ఆగిందనను గానీ, కాలవ రోడ్డు మీద రిక్షాలు ఆగి ఉంటాయనే నా నమ్మకం.

ఆ నిశ్శబ్దంలో మూడో బెంచీలోంచి ఒక గొంతు లేచింది. టీచరమ్మగారు లేవలేదు, పైకి చూడలేదు. ఒళ్ళో చేతులు అలాగే పెట్టుకుని, కుర్రాడు వదిలిన చోట అందుకున్నారు. మాస్టారి శ్రుతిలో కాదు, ఒక స్వరం కిందికి, తన పాత శ్రుతిలో. ఏళ్ళ తరబడి మేమంతా పాడిన శ్రుతి అది. ముందు ముసలమ్మలు కలిశారు, ఆ తర్వాత పిల్లలు దిగి వచ్చి కలిశారు. నేను మళ్ళీ తిత్తి మీద చెయ్యి వేశాను. మాస్టారు రెండు క్షణాలు చెవి ఒగ్గి విని, వేళ్ళు కిందికి జరిపి ఆవిడ శ్రుతిని పట్టుకున్నారు. అంత తొందరగా పట్టుకోవడం మామూలువాడి పని కాదు. పగవాడైనా ఆ మాట ఒప్పుకోవాలి. అలా ఆ పాట వేగం నాదైంది, శ్రుతి ఆవిడదైంది, పేరు మాత్రం ఆయనదైంది.

ఎందుకంటే పాట అయ్యాక ఎవరూ లేవలేదు. ఒక పెద్దాయన కండువాతో ముఖం కప్పుకున్నారు. అయ్యగారు గద్దె దిగి వచ్చి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నారు. మీరు రెండు పద్ధతులూ కలిపి ఇంత గొప్పగా చేస్తారనుకోలేదు, ఆ మధ్యలో ఆపిన చోటైతే నాకు ఊపిరాడలేదు, ఇకమీదట ఏటేటా ఇలాగే ఉండాలి అన్నారు. మాస్టారు నోరు తెరిచారు. ఇది నా పని కాదు, ఈ గాలి కొట్టే వెధవదీ, ఆ బెంచీలో కూర్చున్న ఆవిడదీ అని చెప్పాలి, లేకపోతే మెచ్చుకోలు పుచ్చుకోవాలి. పుచ్చుకున్నారు.

ఇంటికి నడుస్తూ నేను ఏడిచాను. కాలి నొప్పికి కాదు. మనం ఇంత చేస్తే పేరు ఆయనకా అని టీచరమ్మగారి మీద ఎగిరాను. ఆవిడ గొడుగు నా వైపు వంచి చెప్పారు.

“పేరు ఆయనకి, పాట మనకి. ఇంక బతికున్నంతకాలం ఆయన ఆ పాటని మగ్గం కాలంలో, మా నాన్న శ్రుతిలో వాయించాలి. నచ్చనిదాన్ని ఏటేటా మెచ్చుకోళ్ళ మధ్య వాయించాలి. ఒక్కరోజు పరువు పోతే మనిషి మర్చిపోతాడురా. ఇది మర్చిపోనియ్యదు.”

నా బ్లేడు ఎంత పిల్లచేష్టో అప్పుడు అర్థమైంది.

ఆవిడ అన్నట్టే జరిగింది. మాస్టారి జుట్టు నెరిసేదాకా ప్రతి గుడ్‌ఫ్రైడేకీ ఆ పాట అలాగే సాగింది. మొదలుపెట్టే ముందు ఆయన ఒక్కసారి మూడో బెంచీ వైపు చూసేవారు. ఆవిడ చిన్నగా తల ఊపేవారు. అప్పుడు మొదలుపెట్టేవారు. టీచరమ్మగారు మాత్రం ఆ పీట మళ్ళీ ఎక్కలేదు. ఎవరూ ఎక్కమనలేదు, ఆవిడ అడగలేదు. దీన్ని ఎంత పెంచి చెప్పాలన్నా నాకు చేతకాదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఆదివారం క్షమిస్తానన్నారు కదా, క్షమించారా అని. “ఏ ఆదివారమో చెప్పలేదుగా,” అన్నారు.

ఇక నాలుక కరుచుకునే సమయం వచ్చింది. పాటను ఆపింది నేనేనని మా ఆవిడకీ, పిల్లలకీ, పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియనివాళ్ళకీ ఇన్నేళ్ళుగా చెబుతున్నాను. మహావిద్వాంసుడూ లేడు, స్ఫురించడమూ లేదు. చెయ్యి చెమట పట్టి జారిపోయింది. తిత్తి చటుక్కున మూసుకుంటే భయంతో కొయ్యబారి నిలబడ్డాను. టీచరమ్మగారు అందుకోకపోతే ఇప్పటికీ అక్కడే నిలబడి ఉండేవాణ్ణి. ఆ రోజు దారిలో ఆవిడకూ కావాలనే ఆపానని చెప్పాను. ఆవిడ నా కుడి అరచెయ్యి తిప్పి చూసి, తన చీర కొంగుతో తుడిచి వదిలేశారు.

మొన్న మా మనవరాలు ఫోనులో ఆ పాట వెతికి పెట్టింది. పైన ఎవరో మూడు సంగతులూ రాసి ఉంచారు. వేగం నెమ్మది, శ్రుతి మైనరు, భావం దుఃఖం. మొదటి రెండూ ఒప్పే. మూడోదాని దగ్గర నాకు నవ్వొచ్చింది. పెద్దయ్యాక తెలుస్తుందని ఆవిడ వదిలేసిన సంగతి అదే, మాకది దుఃఖం కాదు, కదలకుండా కూర్చున్న కోపం. ఆ తర్వాత పాట పెట్టింది. ఎక్కడో చలిదేశంలో పెద్ద బృందం, అద్భుతంగా పాడారు. కానీ ఆ చోట ఆగకుండా వెళ్ళిపోయారు. మా మనవరాలు ముఖం చిట్లించి, వీళ్ళు తప్పు పాడుతున్నారు తాతయ్యా అంది. చిన్నప్పటినుంచి ప్రతి గుడ్‌ఫ్రైడేకీ నా వెంట చర్చికి వచ్చి విన్నది మరి. అవునమ్మా, తప్పే అన్నాను.

ఇప్పటికీ ఏటా ఆ ఒక్క మధ్యాహ్నం నేను వెళ్ళి మూడో బెంచీకి ఎదురు వరసలో కూర్చుంటాను. టీచరమ్మగారూ లేరు, మాస్టారూ లేరు. హార్మోనియం స్థానంలో కరెంటుతో పలికే కీబోర్డు వచ్చింది, దానికి గాలి అక్కర్లేదు. అయినా ఆ పిల్లలు ఆ చోటికి రాగానే ఆగుతారు. ఎందుకో వాళ్ళకు తెలియదు. జనమంతా భక్తిగా తల వంచుకుంటారు. నేనూ వంచుకుంటాను, నవ్వు కనపడకుండా. అప్పుడు నా కుడిచెయ్యి తొడ మీద తనంతట తానే తెరుచుకుని మూసుకోవడం మొదలుపెడుతుంది. ఉద్యోగంలో నన్ను నలుగురిలో చులకన చేసిన ఆఫీసరు ముందూ, మాట ఇచ్చి తప్పిన స్నేహితుడి గుమ్మంలోనూ, కోపం వచ్చిన ప్రతిచోటా ఈ చెయ్యి ఇలాగే కదిలింది. ఎవరికీ కనపడేది కాదు. తాతయ్య మగ్గం ఎలా కొట్టేదో అలా, ఒకసారి తెరిచి, ఒకసారి మూసి. ఇంతకీ పగ తీరిందా అని అడక్కండి. కాలం మాత్రం ఎప్పుడూ తప్పలేదు.